ఎదురు లైటు, రంగు కళ్లద్దాలు



ఫిబ్రవరి వచ్చిందంటే పెదకూరపాడు, క్రోసూరు, అచ్చంపేట చుట్టుపక్కల రోడ్లకు రాత్రిళ్లు కూడా తీరిక ఉండదు. కళ్లాల్లో ఎండిన మిర్చిని టిక్కీలకు నింపి, ట్రాక్టరు ట్రక్కుల మీదో మినీ లారీల మీదో కట్టుకుని రైతులు గుంటూరు యార్డుకు ప్రయాణమవుతారు. తెల్లారేసరికి సరుకు యార్డులో దిగాలి కాబట్టి చాలామంది బయలుదేరేది చీకటి పడ్డాకే. అదే రోడ్డు మీద పత్తి లోడు ఎదురొస్తుంది. సరుకు దించి ఖాళీగా తిరిగొచ్చే బండి ఎదురొస్తుంది. టౌనులో పని ముగించుకుని ఇంటిదారి పట్టిన మోటారు సైకిళ్లు ఎదురొస్తాయి. మధ్యలో డివైడరు ఉండదు. వీధి దీపాలు ఊరి చివరతోనే ఆగిపోతాయి. ఎదురుగా వచ్చే లైటు సూటిగా కంట్లోకే.

ఆ లైటు కంట్లో పడగానే ముందున్న రోడ్డు మాయమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16 మీటర్లకు పైగా దూసుకుపోతుంది. కన్ను కుదుటపడడానికి రెండు సెకన్లు పట్టిందనుకున్నా, 33 మీటర్ల దూరం ఏమీ కనపడకుండానే గడిచిపోతుంది. ఆ దూరంలో వెనక లైటు లేని ట్రక్కు ఆగి ఉండొచ్చు. రోడ్డు వార నడిచే మనిషి ఉండొచ్చు. కట్టు తెంచుకున్న గేదె ఉండొచ్చు.

ఈ బాధకు మందంటూ కొన్నేళ్లుగా బజారులో పసుపు రంగు కళ్లద్దాలు అమ్ముతున్నారు. పేరు ‘నైట్ డ్రైవింగ్ గ్లాసెస్’. కొన్నిటి మీద ‘నైట్ విజన్’ అని కూడా ఉంటుంది. రోడ్డు పక్క బండ్ల మీదా, ఫోన్లో ఆర్డరు పెట్టే కంపెనీల దగ్గరా తక్కువ ధరకే దొరుకుతాయి. ఇంకొందరు పగటిపూట పెట్టుకునే చలువ కళ్లద్దాలనే రాత్రీ తీయరు. పెట్టుకున్నవాళ్లను అడిగితే హాయిగా ఉందంటారు. వాళ్లు అబద్ధమాడడం లేదు. ఆ హాయి నిజమే. కానీ కంటికి హాయిగా ఉండడం వేరు, ఎదుట ఉన్నది కనపడడం వేరు. ఈ తేడా తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

కంటి వైద్యులు ఎదురు లైటు చేసే పనిని రెండుగా విడదీస్తారు. మొదటిది చికాకు. కళ్లు చిట్లించాలనిపిస్తుంది, తల తిప్పుకోవాలనిపిస్తుంది. రెండోది చూపును నిజంగా తగ్గించేయడం. కంట్లోకి వచ్చిన బలమైన వెలుగు కార్నియాలో, కంటి కటకంలో చెదిరి, రెటీనా మీద తెల్లటి పొరలా పరుచుకుంటుంది. దాని వెనక పడి రోడ్డు మీది మసక వస్తువులు మునిగిపోతాయి. పసుపు అద్దం మొదటిదాన్ని కాస్త తగ్గిస్తుంది. రెండోదాన్ని ముట్టుకోలేదు. కూరలో కారం ఎక్కువైందని చెంబుడు నీళ్లు పోస్తే కారంతో పాటు ఉప్పూ పులుపూ కూడా పలచబడతాయి. రంగు అద్దం పని కూడా అంతే. ఎదురు లైటును ఎంత తగ్గిస్తుందో, చీకట్లో నిలబడ్డ మనిషి మీంచి మన కంటికి చేరే ఆ కాస్త వెలుగునూ దాదాపు అంతే తగ్గిస్తుంది. రెంటి మధ్య నిష్పత్తి అలాగే ఉండిపోతుంది. పైగా మొత్తం వెలుగు తగ్గేకొద్దీ తేడాలను పసిగట్టే శక్తి కంటికి తగ్గుతుంది. అంటే పెట్టుకున్నవాడికి మిగిలేది నష్టమే.

దీన్ని ఊహకు వదిలేయకుండా పరీక్షించి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని బోస్టన్‌లో హార్వర్డ్ వైద్య కళాశాలకు అనుబంధంగా షెపెన్స్ నేత్ర పరిశోధన సంస్థ ఉంది. అక్కడి పరిశోధకులు 22 మందిని డ్రైవింగ్ సిమ్యులేటరులో కూర్చోబెట్టి రాత్రి రోడ్డు చూపించారు. ఎదురు హెడ్‌లైటు కొట్టే ఏర్పాటు కూడా పెట్టారు. రోడ్డు మీద పాదచారి కనపడగానే హారన్ కొట్టమన్నారు. బజారులో దొరికే మూడు రకాల పసుపు కళ్లద్దాలు ఒకసారి, రంగులేని అద్దాలు ఒకసారి పెట్టి చూశారు. ఫలితాలు 2019లో ‘జామా ఆఫ్తాల్మాలజీ’ పత్రికలో వచ్చాయి. పసుపు అద్దాల వల్ల పాదచారిని ముందుగా గుర్తించిన దాఖలా లేదు. ఎదురు లైటు చేసే చెరుపును అవి తగ్గించనూ లేదు. రాత్రి బండి నడపడానికి వాటిని వాడమని కంటి వైద్యులు చెప్పకూడదన్నదే వాళ్ల అభిప్రాయం.

పసుపు అద్దం సంగతే ఇలా ఉంటే నల్ల అద్దం గురించి వేరే చెప్పాలా? చలువ కళ్లద్దాలకు అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. ఎంత వెలుగును లోపలికి పంపుతాయన్నదాన్ని బట్టి వాటిని సున్నా నుంచి నాలుగు దాకా తరగతులుగా విడదీస్తారు. ఎండలో మామూలుగా పెట్టుకునే మూడో తరగతి అద్దం నూటికి 8 నుంచి 18 వంతుల వెలుగునే పంపుతుంది. నాలుగో తరగతి అద్దం పెట్టుకుని పగలు కూడా బండి నడపకూడదు. సందెచీకటిలోనూ రాత్రిపూటా నడిపేటప్పుడు 75 శాతం కంటే తక్కువ వెలుగు పంపే అద్దం దేన్నీ పెట్టుకోరాదన్నది ఆ ప్రమాణంలోని మాట. దుకాణంలో అద్దం కొనేటప్పుడు ఈ అంకె అడిగేవాళ్లు అరుదు. అడిగినా చెప్పగలిగే దుకాణదారు ఇంకా అరుదు.

కారు అద్దం లెక్క కూడా దీనికి తోడవుతుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 100వ నిబంధన ప్రకారం ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుగు రావాలి. 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు అవిషేక్ గోయెంకా కేసులో ఈ నిబంధననే ఆధారం చేసుకుని కార్ల అద్దాలకు నల్ల ఫిల్ము అంటించడాన్ని నిషేధించింది. అప్పట్లో అందరూ దాన్ని నేరాల కోణంలోనే చూశారు. లోపల ఎవరున్నారో బయటికి కనపడాలన్నది వాదన. లోపల ఉన్నవాడికి బయట ఏముందో కనపడాలన్నది అంతకంటే చిన్న విషయమేమీ కాదు. 70 శాతం వెలుగు వచ్చే అద్దం వెనక కూర్చుని 80 శాతం వెలుగు పంపే పసుపు కళ్లద్దాలు పెట్టుకుంటే కంటికి చేరేది 56 శాతం. మూడో తరగతి నల్ల కళ్లద్దాలైతే అది 13 శాతం లోపుకు పడిపోతుంది. హెల్మెట్ ముందున్న నల్ల వైజరుకూ ఇదే లెక్క. దుమ్ముకు గీతలు పడ్డ వైజరు ఇంకా ప్రమాదం. ఒక్కో గీతా ఎదురు లైటును పట్టుకుని నక్షత్రంలా విరజిమ్ముతుంది.

ఇక కన్ను. వెలుతురులో రెండు మిల్లీమీటర్లుండే కంటిపాప చీకట్లో ఏడెనిమిది మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. రెటీనా పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు కావాలి. ఇది కుర్రవాళ్ల మాట. వయసు మీరేకొద్దీ కంటిపాప అంతగా విచ్చుకోదు, కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల మనిషి రెటీనాకు చేరే వెలుగు ఇరవై ఏళ్ల కుర్రాడికి చేరేదాంట్లో మూడో వంతు ఉంటుందని అంచనా. అంటే అరవై ఏళ్ల రైతు కంట్లోనే ఒక రంగు అద్దం ముందే ఉంది. దాని మీద ఇంకొకటి తగిలించుకుంటే ఏమవుతుంది?

ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన పెద్ద పని ఒకటి గుర్తు చేసుకోవాలి. గుంటూరులో వైద్యం చదివిన డాక్టర్ గుల్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. ఆ సంస్థ 1996 నుంచి 2000 దాకా ఆంధ్రప్రదేశ్ నేత్ర వ్యాధుల అధ్యయనం పేరుతో హైదరాబాదులోనూ, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా కళ్లను పరీక్షించింది. చూపు పోవడానికీ తగ్గడానికీ ముఖ్య కారణాలుగా తేలినవి రెండు. ఒకటి శుక్లం, రెండోది సరైన అద్దాలు లేని దృష్టిదోషం. రెండూ సరిచేయగలిగినవే. ఈ రెంటికీ ఎదురు లైటుతో సూటి సంబంధం ఉంది. పొర వస్తున్న కన్ను పగలు బాగానే చూస్తున్నట్టుంటుంది. రాత్రి లైటు పడగానే ఆ పొర వెలుగంతా చెదరగొడుతుంది. లైటు చుట్టూ వలయాలు కనపడుతున్నాయని, ఈమధ్య రాత్రిళ్లు బండి నడపలేకపోతున్నానని ఎవరైనా అంటుంటే వాళ్లకు కావలసింది పసుపు కళ్లద్దాలు కావు, కంటి పరీక్ష. పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. విజయవాడ పక్కన తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ సంస్థ శాఖ ఉంది. పల్నాడు రైతుకు రెండూ అందుబాటు దూరమే. మిర్చి యార్డుకు వెళ్లిన రోజునే పని చూసుకుని రావచ్చు.

దృష్టిదోషానికి అద్దాలు రాయించుకునేవాళ్లు దుకాణంలో ఏఆర్‌సీ పూత వేయించమని అడగడం మంచిది. దీన్నే యాంటీ గ్లేర్ అని కూడా అంటారు. పేరు విని పసుపు అద్దాలతో కలిపేసుకోవద్దు. ఈ పూత అద్దానికి రంగు వేయదు. మామూలు అద్దం ఒక్కో వైపు నూటికి సుమారు 4 వంతుల వెలుగును వెనక్కి కొడుతుంది, రెండు వైపులా కలిపి 8. అద్దంలో తిరుగాడే ఆ వెలుగే రాత్రిపూట లైట్ల పక్కన దొంగ లైట్లను చూపిస్తుంది. పూత దాన్ని ఆపి, ఆ వెలుగును కంటికి చేరవేస్తుంది. రంగు అద్దం వెలుగును దోచుకుంటే ఇది పోగొట్టుకున్న వెలుగును తెచ్చిపెడుతుంది.

రంగు అద్దంతో ఎదురు లైటును జయించాలన్న కోరిక మన ఒక్కరిదే కాదు. ఎడ్విన్ లాండ్ అనే అమెరికా యువకుడు 1920ల చివర్లో వెలుగును ఒకే దిశలో కంపించేలా వడకట్టే పల్చని రేకు తయారుచేశాడు. 1929లో దాని మీద పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1937లో పోలరాయిడ్ కంపెనీ స్థాపించాడు. ఇన్‌స్టంట్ కెమెరాతో లోకమంతటికీ తెలిసిన ఆ కంపెనీ వెనకున్న తొలి కలల్లో హెడ్‌లైటు ఒకటి. ప్రతి కారు లైటుకూ, ముందు అద్దానికీ ఆ రేకును 45 డిగ్రీల వాలులో అమర్చాలన్నది లాండ్ ఆలోచన. అప్పుడు ఎవరి లైటు వెలుగులో వాళ్లకు రోడ్డు కనపడుతుంది. ఎదురు కారు రేకు వాలు అడ్డంగా తిరిగి ఉంటుంది గనుక దాని లైటు మాత్రం అద్దం దగ్గరే ఆగిపోతుంది. లెక్క తప్పులేనిది, ప్రయోగాల్లో నెగ్గింది. ఏళ్ల తరబడి కార్ల కంపెనీల చుట్టూ తిరిగినా వాళ్లు ఒప్పుకోలేదు. రేకు వల్ల సగానికి పైగా వెలుగు పోతుంది, లైట్ల బలం పెంచాలి. అన్నిటికంటే పెద్ద అడ్డంకి, ఒక్కడు అమర్చుకుంటే లాభం లేదు, రోడ్డు మీది బండ్లన్నీ ఒకేసారి మారాలి. ఈనాడు రాత్రి కోసం అంటూ పోలరైజ్డ్ కళ్లద్దాలు అమ్మేవాళ్లు లాండ్ కథలో సగమే చెబుతున్నారు. ఎదుటి బండి లైటుకు రేకు లేనప్పుడు ఆ కళ్లద్దాలు చేసేది మామూలు నల్ల అద్దం పనే.

ఫ్రాన్సు దేశం ఇంకో దారి తొక్కింది. కళ్లద్దాలకు బదులు హెడ్‌లైట్లకే పసుపు రంగు వేసింది. 1930ల నడిమి నుంచి 1993 దాకా అక్కడి కార్లకు పసుపు లైట్లే ఉండాలన్నది చట్టం. అరవై ఏళ్లకు దగ్గరగా నడిచిన ఆ నిబంధనను ఐరోపా ఉమ్మడి ప్రమాణాలు రాగానే వదిలేశారు.

లాండ్ కోరినది అందరూ కలిసి చేయవలసిన పని. అలాంటి పని ఒకటి ప్రతి బండిలోనూ ముందే ఉంది. స్టీరింగు పక్కనో, హ్యాండిలు మీదో ఉండే డిప్పర్ స్విచ్చి అది. ‘రాత్రివేళ డిప్పర్ వాడండి’ అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాట వెనక రాసుకోని లారీ అరుదు. ఎదురు బండి కనపడగానే డిమ్ చేయాలని కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనలూ చెబుతున్నాయి. జరిగేది ఏమిటంటే, ఎదుటివాడు డిమ్ చేయలేదని ఇవతలివాడు బ్రైట్ కొడతాడు. ఆ కోపంలో ఇద్దరూ గుడ్డివాళ్లవుతారు, ఒకరినొకరు దాటే సమయానికి ఇద్దరి బండ్లూ అంచనా మీదే నడుస్తుంటాయి.

డిమ్ చేసినా లైటు కంట్లో పడుతోందంటే తప్పు బల్బుదో, దాని అమరికదో. హాలోజన్ హెడ్‌లైటు లోపలి అద్దాన్ని, ఫిలమెంటు కచ్చితంగా ఎక్కడ ఉంటుందో లెక్కవేసి మలుస్తారు. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొన్నె ఉండి పైకి పోయే వెలుగును ఆపుతుంది. అదే గూట్లో బజారు ఎల్ఈడీ బల్బు పెడితే వెలుగు పుట్టే చోటు మారుతుంది. కిందికి పడవలసింది నలుదిక్కులా చిమ్ముతుంది. నడిపేవాడికి బండి ముందంతా తెల్లగా వెలిగిపోతున్నట్టుంటుంది, కాబట్టి మంచి లైటు వేయించుకున్నానని సంతోషిస్తాడు. కంపెనీ ఇచ్చే 60/55 వాట్ల బల్బు తీసి 100/90 వాట్లది వేయించుకోవడమూ ఇలాంటిదే. ట్రాక్టరు టాపు మీద ఎల్ఈడీ పట్టీలు బిగించడం ఈ మధ్య బాగా పెరిగింది. అవి పొలంలో రాత్రి దుక్కికి పనికొస్తాయి. రోడ్డెక్కగానే ఆర్పేయాలి.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. మోటారు వాహనాల నిబంధనల్లో 106వది దూరాలతో సహా చెబుతుంది. దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడి పక్కన, నేల నుంచి మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి ఆ వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. కొలిచేవాళ్లుంటే ఇంతకంటే స్పష్టమైన నిబంధన అక్కర్లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త మోటారు సైకిళ్లకు ఇంజన్ ఆన్ చేయగానే లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. ఎదురొచ్చే బండి కనపడాలన్నది మంచి ఉద్దేశమే. ఆ వెలిగే లైటు ఎటు చూస్తోందో పరీక్షించడం కూడా దానితోపాటు రావలసింది, రాలేదు.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. ప్రమాదాల్లో దాదాపు అయిదో వంతు సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్యే జరిగాయి. రోజులో ఆ మూడు గంటలదే పెద్ద వాటా. అన్నీ లైట్ల వల్లే జరిగాయని ఎవరూ అనరు. వేగం, నిద్ర, తాగుడు, గుంతలు అన్నీ ఉన్నాయి. పల్నాడు జిల్లాలోనే 2023 మేలో అద్దంకి-నార్కట్‌పల్లి రోడ్డు మీద, దాచేపల్లి మండలం పొందుగుల దగ్గర, తెల్లవారుజామున కూలి పనికి వస్తున్నవాళ్ల ఆటోను లారీ ఢీకొట్టింది. నల్గొండ జిల్లా నుంచి వస్తున్న మహిళా కూలీలు ప్రాణాలు కోల్పోయారు. దానికి కారణం ఇదని ఇక్కడ తీర్పు చెప్పడం లేదు. పల్నాడులో మిర్చి కోతకు, పత్తి తీతకు వెళ్లే ఆడవాళ్లు చీకటితోనే ఆటోల్లో రోడ్డెక్కుతారు, చీకటి పడ్డాక తిరిగొస్తారు. ఎదురు లైటు గురించి మాట్లాడడమంటే వాళ్ల గురించి మాట్లాడడమే.

ఎదుటివాడు డిమ్ చేయనప్పుడు ఏం చేయాలి? ఆ లైటు వైపు చూడకూడదు. చూపును రోడ్డు ఎడమ అంచుకు మళ్లించాలి. దీని వెనక లెక్క ఉంది. 1926లో హాలడే అనే అమెరికా పరిశోధకుడు తేల్చినదాని ప్రకారం, లైటుకూ మన చూపుకూ మధ్య కోణం రెట్టింపైతే కంట్లో పరుచుకునే తెల్లపొర నాలుగో వంతుకు పడిపోతుంది. చూపు కాస్త పక్కకు జరిపినందుకు ఇంత లాభం ఏ కళ్లద్దమూ ఇవ్వదు. అంచున తెల్ల గీత ఉన్న రోడ్డయితే దాన్ని పట్టుకుని పోవచ్చు. గీత చెరిగిపోయిన రోడ్డు మీద వేగం తగ్గించడమొక్కటే దారి. ఆ గీత వేయమని పంచాయతీలు, రైతు సంఘాలు రోడ్లు భవనాల శాఖను అడగాలి. వీధి దీపం కోసం అర్జీ పెట్టినంత గట్టిగా అడగదగ్గ పని అది.

బండి ముందు అద్దాన్ని లోపలి వైపు కూడా తుడవాలి. బయట నీళ్లు కొట్టి కడిగేవాళ్లు లోపలి జిడ్డు సంగతి మరిచిపోతారు. ఎదురు లైటు పడగానే ఆ జిడ్డే తెరలా అడ్డం నిలుస్తుంది. టిక్కీలు కట్టిన ట్రక్కుకు వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కల పసుపు టేపు అంటించాలి. పత్తి బోరేలు కిందికి వేలాడి వెనక లైటును కప్పేయకుండా చూసుకోవాలి. ఎదురు లైటుకు కళ్లు బైర్లు కమ్మిన మనిషికి ముందున్న ట్రక్కును ఆ టేపే చూపిస్తుంది.

చివరగా, ప్రతి ఊళ్లోనూ చేసుకోగల పరీక్ష ఒకటి. చదునైన నేల మీద బడి గోడకో గోడౌను గోడకో ఎదురుగా పది మీటర్ల దూరంలో బండి నిలపాలి. హెడ్‌లైటు మధ్యభాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, అంతే ఎత్తున గోడ మీద సుద్దముక్కతో అడ్డగీత గీయాలి. లైటు డిమ్‌లో వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు సుమారు పది సెంటీమీటర్లు కింద పడాలి. పైన పడితే మెకానిక్కు చేత స్క్రూ తిప్పించి దించాలి. లైటు ఒక్క డిగ్రీ పైకి లేస్తే 25 మీటర్ల దూరంలో వెలుగు 44 సెంటీమీటర్లు పైకి పోతుంది. ఎదుటివాడి ఛాతీ మీద పడవలసింది కంట్లో పడడానికి అంత చాలు. ఖాళీ బండితో చేసిన పరీక్ష సరిపోదు. వెనక బరువు పడితే ముందు భాగం లేచి లైటు ఆకాశం చూస్తుంది. అందుకని యార్డుకు బయలుదేరే సాయంత్రం, టిక్కీలన్నీ ఎక్కించి తాళ్లు బిగించాక, అదే గోడ ముందు ఇంకోసారి నిలిపి చూడాలి. కార్లలోనూ కొన్ని మినీ లారీల్లోనూ స్టీరింగు దగ్గర లైటును దించే చిన్న చక్రం ఉంటుంది, దాని పక్కన సున్నా, ఒకటి, రెండు అని అంకెలుంటాయి. లోడు ఉన్న రోజున దాన్ని తిప్పి పెట్టుకోవచ్చు. అది లేని బండికి మెకానిక్కే దిక్కు. అయిదు నిమిషాల పని.